గిఫ్టుకార్డులు: సొమ్ము ఎవరియొద్ద నున్నది?

మన పెండ్లిపందిళ్లలో చదివింపులనెడి యాచార మొకటి కలదు. బంధుమిత్రులు ఒక్కొక్కరుగా వచ్చి తాము తెచ్చిన కానుకను పురోహితుని చేతికిచ్చుటయు, ఆయన ఇచ్చినవారి యింటిపేరును, ఊరిపేరును, సొమ్మెంతయో దానిని పందిరిలోని నలుగురును వినునట్లు ఎలుగెత్తి చదువుటయు, ప్రక్కన కూర్చున్న వారెవరో దానిని పుస్తకములో వ్రాసికొనుటయు ఆ యాచారపు క్రమము. నూటపదహార్లు, అయిదువందలపదహార్లు, వెయ్యినూటపదహార్లు, మొత్తమేదైనను చదువు ముగియునప్పటికే ఆ ధనము పళ్లెములో పడి పుచ్చుకొన్నవారి దైపోయెడిది. ఇచ్చినవారికి గాని పుచ్చుకొన్నవారికి గాని దానినిగూర్చి యిక నడుగవలసిన ప్రశ్న లేకుండెను. ఇప్పుడా పళ్లెములోనికి రంగుల కవరులో గిఫ్టుకార్డు వచ్చి పడుచున్నది. దాని విలువ వేయి రూపాయలని పుస్తకములో వ్రాసికొందుము గాని, ఆ వేయి రూపాయలు పళ్లెములోనికి రాలేదు. అవి ఏ దుకాణపు ఖాతాలోనో, ఏ బ్యాంకు పద్దులోనో యున్నవి. పళ్లెములోనికి వచ్చినది ఆ సొమ్మునకు బదులుగా నొకరిచ్చిన మాట మాత్రమే.

గిఫ్టుకార్డుల రకములను వివరింపబూనువారు సాధారణముగా వాటి యాకారమును బట్టి విభజించుచుందురు. ప్లాస్టిక్కు కార్డు ఒకటి, కాగితపు ఓచరు ఒకటి, ఫోనులోనికి వచ్చు కోడు మఱొకటి. ఈ విభాగము కంటికి తెలియునదే గాని, కొనువానికిని పుచ్చుకొనువానికిని అక్కరకు వచ్చునది కాదు. ఏలయన ఒకే దుకాణమువారు ఒకే కార్డును ఈ మూడు రూపములలోను అమ్మవచ్చును, చూచుటకు కవలలవలె నుండు రెండు ప్లాస్టిక్కు కార్డులలో నొకటి దేశమంతట చెల్లి, రెండవది ఒక్క వీధిలోనే చెల్లవచ్చును. సొమ్ము ఎవరియొద్ద నున్నది, దానిని ఎచ్చట నెచ్చట పుచ్చుకొనవలసిన బాధ్యత వారికి కలదు, ఆ బాధ్యత ఎంతకాలము నిలుచును: ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానమును బట్టియే కార్డుల జాతులను విడదీయవలెనని నా యభిప్రాయము. ఈ వ్యాసము ఆ దృష్టితోనే నడచును.

మొదట కార్డు పనిచేయు తీరును గుర్తింపవలెను. దుకాణములో కొక్కెములకు వ్రేలాడుచుండు గిఫ్టుకార్డులను ఎవరైన తీసికొనిపోయినను వాటివలన దమ్మిడీ రాదు. కౌంటరువద్ద డబ్బు చెల్లించి, అచ్చటి యంత్రము కార్డుసంఖ్యను చదివి, అమ్మినవారి పద్దులో దానియెదుట మొత్తమును వ్రాసిన పిదపనే దానికి ప్రాణము వచ్చును. కార్డులో ధనము లేదు. కార్డు మీదనున్నది ఒక పద్దుసంఖ్య, గోకి చూచుకొనవలసిన వెండిపూత క్రింద నున్నది దాని రహస్యసంఖ్య. ఈ రెండు సంఖ్యలును తెలిసినవాడే యజమాని. ఫోనులోనికి వచ్చెడి ఈ-గిఫ్టుకార్డునకు ప్లాస్టిక్కు కూడ నక్కఱలేదు, ఆ సంఖ్యలే కార్డు. మన వర్తకులు పూర్వము హుండీలు వ్రాసికొని ఊరినుండి ఊరికి ధనమును కదల్పకయే వ్యాపారములు సాగించిరి. అచ్చటను చేతిలోనున్నది కాగితమే, విలువ వ్రాసినవాని పరపతిలో నుండెను. అయితే హుండీ పుచ్చుకొను వర్తకుడు వ్రాసిన కోఠీ యెట్టిదో విచారింపక దానిని ముట్టెడివాడు కాడు. గిఫ్టుకార్డు పుచ్చుకొనువానికి ఆ విచారణకు అవకాశము లేదు. అతని బదులు కొనువాడు విచారింపవలసి యున్నది.

కానుకను ధనముగా గాక దుకాణపు హక్కుగా నిచ్చుట పాతమాటయే. బ్రిటనులో పుస్తకవిక్రేతలు 1932లో నేషనల్ బుక్ టోకెన్స్ అను పద్ధతిని ప్రారంభించిరి. ఒక యూరి పుస్తకశాలలో కొన్న టోకెనును వేఱొక యూరి పుస్తకశాలలో మార్చుకొని, ఇచ్చినవాడు గాక చదువువాడే పుస్తకమును ఎన్నుకొనుట దానియందలి సౌలభ్యము. ఈ యూహ నాకు మిక్కిలి యిష్టము. కానుకనిచ్చువాడు తన యభిరుచిని ఎదుటివానిమీద రుద్దక, పుస్తకము చదువుమను కోరికను మాత్రము పంపుచున్నాడు. నేడు మనము చూచుచున్న ప్లాస్టిక్కు కార్డు 1990ల నడుమ అమెరికాలో బ్లాక్‌బస్టర్ అను వీడియో దుకాణముల సంస్థ వాటిని కౌంటరులవద్ద బహిరంగముగా ప్రదర్శించి అమ్ముటతో వ్యాప్తి నందినది. ఆ బ్లాక్‌బస్టరే 2010లో దివాలా పిటిషను వేసికొనెనన్న సంగతిని కార్డు కొనువారు మఱువరాదు.

మన దేశమున ఈ సాధనములకు చట్టపు పునాది 2007నాటి చెల్లింపుల, పరిష్కారముల వ్యవస్థల చట్టము. దానిక్రింద రిజర్వు బ్యాంకు 2009లో మొదటి మార్గదర్శకములను, 2017 అక్టోబరులో సమగ్రమైన ఆదేశములను, 2021 ఆగస్టులో వాటిని తిరుగవ్రాసి మఱల ఆదేశములను వెలువరించినది. ముందుగా సొమ్ము చెల్లించి పిదప వాడుకొనెడి ఈ సాధనములను బ్యాంకువారు పీపీఐ లని వ్యవహరింతురు. ఈ యాదేశములలో సామాన్యుడు గుర్తుంచుకొనవలసిన విభాగ మొక్కటే. తన సరుకును తన దుకాణములోనే కొనుటకై ఒక సంస్థ ఇచ్చు కార్డు ‘మూసిన’ సాధనము. దీనిని అమ్ముటకు రిజర్వు బ్యాంకు అనుమతి యక్కఱలేదు, కావున దానిమీద రిజర్వు బ్యాంకు విధించిన రక్షణలును లేవు. ఇతరుల దుకాణములలో గూడ చెల్లునట్టి కార్డును అమ్మదలచినవారు రిజర్వు బ్యాంకు అనుమతిని పొందవలెను, ఆ నిబంధనలకు లోబడవలెను. ఈ గీత కార్డుమీద ఎచ్చటను గీచి యుండదు. అయినను కార్డుయొక్క భవిష్యత్తంతయు దీనిమీదనే యాధారపడి యున్నది.

మూసిన కార్డునే మొదట తీసికొందము, ఏలయన పెండ్లిండ్లలోను, పుట్టినరోజులలోను, కార్యాలయముల దీపావళి కానుకలలోను మన చేతికి వచ్చునది తఱచుగా నిదియే. వస్త్రదుకాణములు, నగల దుకాణములు, చెప్పుల దుకాణములు, మిఠాయి దుకాణములు తమ పేరుతో అచ్చువేయించు కార్డులును కాగితపు ఓచరులును ఈ జాతిలోనివి. పుచ్చుకొనువారి యభిరుచి ఇచ్చినవారికి తెలిసినప్పుడు ఇంతకంటె చక్కని కానుక లేదు. పట్టుచీర కోరుకొనెడి మేనకోడలికి ఆమె మెచ్చిన దుకాణపు కార్డు ఇచ్చుటలో నున్న ఆత్మీయత నోట్లకట్టలో లేదు. అయితే దీనియందు సూక్ష్మములు పెక్కు కలవు. ఒకే పేరుబోర్డు క్రింద నడచు దుకాణములన్నియు ఒకే యజమానివి కానక్కఱలేదు. ఫ్రాంచైజీ పద్ధతిని నడచు శాఖలు కార్డును పుచ్చుకొనకపోవుట కద్దు. పెద్ద దుకాణములో చిన్న దుకాణముగా వెలసిన కంపెనీవారు పుచ్చుకొనకపోవచ్చును. నగల దుకాణముల ఓచరులలో కొన్ని బంగారు నాణెములకు చెల్లవు, వజ్రాభరణములకే చెల్లును. కొన్ని ఓచరులు ఒక్కమారే వాడుకొనవలెను, మిగిలిన చిల్లర తిరిగి రాదు. కొన్నింటిలో మిగిలినది కార్డులోనే నిలుచును. తగ్గింపు ధరల కాలములో చెల్లవని షరతు పెట్టినవియు నున్నవి. ఇవన్నియు కార్డు వెనుకవైపున, భూతద్దము లేక చదువరాని యక్షరములలో వ్రాయబడి యుండును.

ఆ యక్షరములను నేను చదువకపోవుటవలన కలిగిన నష్టమును ఇచ్చట చెప్పుట యప్రస్తుతము కాదు. కొన్నియేండ్ల క్రిందట నేను ఉద్యోగవిరమణ చేసిననాడు సహోద్యోగులందఱును చందాలు వేసికొని ఒక వస్త్రదుకాణపు కార్డును, రెండువేల రూపాయలది, నాకిచ్చిరి. అది వారి ప్రేమకు గుర్తుగదాయని దానిని వెంటనే ఖర్చుచేయుటకు మనసొప్పక బీరువాలో దాచితిని. ఎనిమిదవ మాసమున మా యింటిలో శుభకార్యము వచ్చినప్పుడు భార్యతో కూడ ఆ దుకాణమునకు పోయి, బట్టలు ఎన్నుకొని, కౌంటరువద్ద కార్డు నిచ్చితిని. అచ్చటి యువకుడు యంత్రములో గీచి చూచి, “గడువు ఆరు నెలలేనండీ. అయిపోయి రెండు నెలలైంది,” అనెను. “గడువు పోతే పోనీ బాబూ, డబ్బు మీ దగ్గఱే ఉంది కదా?” అని నేనడిగితిని. “ఉందండీ. కానీ కంప్యూటరు తీసుకోదు,” అని యాతడు బాధతోనే చెప్పెను. ఆతని తప్పేమియు లేదు. ఆ రెండువేలు నా సహోద్యోగుల జేబులనుండి పోయినవి, నాకు చేరలేదు, ప్రతిగా ఒక్క గజము గుడ్డయు దుకాణము వీడిపోలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. సొమ్ముపోయినందుకు గాదు, ఆ చందా వేసినవారిలో అటెండరు కూడ నుండెను.

ఇట్లు వాడుకొనబడక మిగిలిపోవు సొమ్ము చిన్నవిషయము కాదు. వ్యాపారగణనలో దానికొక స్థానమే కలదు. 2018 ఏప్రిలునుండి మన కంపెనీలకు వర్తించుచున్న లెక్కల ప్రమాణము, ఇండ్-ఏఎస్ 115, కొనుగోలుదారులు వాడుకొనక విడిచిపెట్టుదురని అంచనా వేయదగిన భాగమును సంస్థ తన యాదాయముగా ఎట్లు చూపుకొనవచ్చునో నిర్దేశించుచున్నది. అనగా మన మతిమఱుపు వారి పద్దులలో ముందుగానే లెక్కింపబడుచున్నది. ఇది నేరమని నేననను. అప్పు తీర్చుటకు సిద్ధముగానున్నవానియొద్దకు అప్పిచ్చినవాడు రాకపోయినచో లెక్క ఎట్లో తేల్చుకొనవలసినదే. కాని ఆఱునెలల స్వల్పకాలమును గడువుగా విధించి, ఆ పిదప పద్దును మూసివేయుట మాత్రము న్యాయము కాదని నా దృఢాభిప్రాయము. అమెరికాలో 2009నాటి చట్టముచే గిఫ్టుకార్డులకు కనీసము అయిదేండ్ల గడువు నియతమై, మఱుసటి యేడు అమలులోనికి వచ్చినది. మన దేశములో మూసిన కార్డులకు అట్టి నియమము లేదు. 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టము అన్యాయపు టొప్పందములను ప్రశ్నించుటకు త్రోవ చూపుచున్నది గాని, అయిదువందల రూపాయల ఓచరుకై రాష్ట్రకమిషను మెట్లెక్కు సామాన్యు డెవడు?

గడువుకంటె భయంకరమైనది దుకాణమే మూతపడుట. కార్డు కొన్నవాడు ఆ దుకాణమునకు వడ్డీలేని యప్పిచ్చినవాడు. దుకాణము దివాలాతీసిన నాడు అతడు తాకట్టులేని ఋణదాతలలో నొకడు. 2016నాటి మన దివాలా స్మృతి చెల్లింపులకు ఏర్పఱచిన వరుసలో తాకట్టుగల బ్యాంకులును, కార్మికుల జీతములును ముందునిలుచును. 2008లో అమెరికాలోని షార్పర్ ఇమేజ్ అను సంస్థ దివాలా రక్షణ కోరినప్పుడు తన కార్డులను పుచ్చుకొనుట నిలిపివేసినది. 2013 జనవరిలో బ్రిటనునందలి హెచ్‌ఎమ్‌వీ దుకాణములు దివాలా పాలకుల చేతికి పోయినప్పుడు మొదట కార్డులు చెల్లవనిరి; క్రిస్మసు కానుకలుగా కార్డులు పొందినవారి యాగ్రహము పెల్లుబుకగా కొన్నిదినములకు మఱల చెల్లుననిరి. అందుచే మూసిన కార్డును పుచ్చుకొన్నవారు దానిని దాచరాదు. దాచుకొనదగినది ఆత్మీయుల జ్ఞాపకము. కార్డును ఆ నెలలోనే వాడివేయుట మంచిది.

ఇంటర్నెట్టు బజారుల కార్డులు చూచుటకు మూసిన కార్డులవలెనే యున్నను, చాలవరకు వేఱుజాతికి చెందినవి. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి బజారులలో సరుకు నమ్మువారు వేలకొలది స్వతంత్ర వర్తకులు. బజారు యజమాని వారి నడుమ త్రోవ కల్పించువాడు మాత్రమే. తన సరుకు గాని దానికి చెల్లు కార్డు మూసిన సాధనము కాజాలదు. కావున ఇట్టి కార్డులను రిజర్వు బ్యాంకు అనుమతిగల సంస్థ యొకటి వెనుకనుండి జారీచేయవలసి వచ్చినది; బెంగళూరులో 2006లో పుట్టి 2019లో పైన్ ల్యాబ్స్‌లో చేరిన క్విక్‌సిల్వర్ అను సంస్థ మన దేశములో ఈ వ్యాపారమును పెంపొందించినవారిలో ముఖ్యము. కార్డుమీద పెద్దయక్షరములలో బజారు పేరుండును. జారీచేసినవారి పేరు షరతులలో నుండును. చిక్కు వచ్చిననాడు ఫిర్యాదు చేయవలసినది రెండవ పేరునకే గనుక దానిని చదివి యుంచుకొనవలెను.

ఈ సందర్భమున విదేశములలోనున్న మన పిల్లల మాట చెప్పవలసి యున్నది. న్యూజెర్సీలోనో డాలసులోనో యున్న కుమారుడు గుంటూరులోని తల్లి పుట్టినరోజునకు తనయొద్ద దొరకు అమెజాన్ కార్డును కొని ఈమెయిలులో పంపును. ఆమె మనుమరాలిచే దానిని ఫోనులో నమోదు చేయింపబోగా అది చెల్లదు. పేరొకటే యైనను అమెరికా బజారు వేఱు, ఇండియా బజారు వేఱు; డాలరులలో జారీయైన కార్డు అచ్చటి బజారులోనే చెల్లును. పంపదలచినవారు ఇండియా బజారులో రూపాయలలో జారీయగు కార్డునే కొనవలెను. సముద్రములు దాటి వచ్చిన కానుక యిట్లు నిష్ప్రయోజనమైనప్పుడు ఆ తల్లి “పోనీలే నాయనా, పంపావుగా, అదే చాలు,” అనును గాని, అంతటితో చాలదు. ఒక్క నిమిషము విచారించినచో ఆమెకు ఆ కానుక చేరియుండెడిది.

బ్యాంకులు జారీచేయు గిఫ్టుకార్డు వీటన్నింటిలోను విశాలమైనది. స్టేటు బ్యాంకు మొదలుగా పెక్కు బ్యాంకులు రూపే, వీసా వంటి వ్యవస్థల ముద్రతో వీటి నిచ్చుచున్నవి. ఆ ముద్రను అంగీకరించు యంత్రము ఏ దుకాణములో నున్నను, కిరాణాకొట్టునుండి పుస్తకశాలవఱకు, కార్డు చెల్లును. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము ఒక్కొక్క గిఫ్టుకార్డు విలువ 10,000 రూపాయలకు మించరాదు. ఒకమారు ఖర్చైన పిదప దానిలో మఱల సొమ్ము నింపరాదు. దానినుండి నగదు తీయుటగాని, ఇతరుల ఖాతాకు పంపుటగాని కుదరదు. పుచ్చుకొన్నవారు సమ్మతించినచో మిగిలిన సొమ్ము ఏ ఖాతానుండి వచ్చినదో ఆ ఖాతాకే తిరిగిపోవచ్చును. కొన్నవారి వివరములు జారీచేసినవారియొద్ద నుండవలెను. ఏటీఎంలో పెట్టి చూచి “ఇది పాడైపోయింది” అని బాధపడువారి సంఖ్య తక్కువ కాదు. అది పాడైనది కాదు, దాని ధర్మమే యంత.

ఈ కార్డుతో ఒక చిన్న యిబ్బంది కలదు, తెలిసినవారికి అది యిబ్బంది కాదు. కార్డులో 1,340 రూపాయలు మిగిలి, బిల్లు 1,500 అయినచో, గీచినంతనే యంత్రము నిరాకరించును. కౌంటరులోనివానితో “ఈ కార్డుమీద వెయ్యిమూడువందల నలభై మాత్రమే వేయండి, మిగతాది నగదు ఇస్తాను,” అని ముందుగా చెప్పవలెను. ఇంటర్నెట్టులో కొనునప్పుడు ఇట్లు విభజించు వసతి తఱచుగా నుండదు. చివరి చిల్లర అచ్చటనే చిక్కుకొనును. దానిని ఖర్చుపెట్టుటకు కిరాణాకొట్టే మంచిచోటు. బ్యాంకులు కార్డు జారీకి కొంత రుసుమును, దానిమీద పన్నును పుచ్చుకొనుట కద్దు. దుకాణపు కార్డునకు సాధారణముగా ఆ ఖర్చు లేదు. అయినను, పుచ్చుకొనువారి యవసరము మనకు తెలియనప్పుడు, ముఖ్యముగా వృద్ధులకును, క్రొత్తగా కాపురము పెట్టినవారికిని, ఆ రుసుము చెల్లించియైనను బ్యాంకుకార్డే యిచ్చుట ఉత్తమమని తలంతును.

ఈ రెంటికిని నడుమ, పెక్కు కంపెనీల పేర్లతో నొక పట్టికనిచ్చి వాటిలో దేనినైన నెన్నుకొని ఆ కంపెనీ ఓచరుగా మార్చుకొనుమను కార్డులు కలవు. కార్యాలయములు ఉద్యోగులకు బహుమతులుగా వీటినే యిచ్చుచున్నవి. ఇవి రెండు గడువులు గలవి: పట్టికనుండి ఎన్నుకొనుటకు ఒకటి, ఎన్నుకొన్న ఓచరును వాడుటకు మఱొకటి. ప్రయాణముల కార్డులు, హోటళ్ల కార్డులు ఇట్టివానికి దగ్గఱివి. ప్రయాణము రద్దైనచో సొమ్ము కార్డునకే తిరిగివచ్చునో, అసలు తిరిగిరాదో కొనకముందే యడుగవలెను. భోజనపు కార్డులను కొందఱు గిఫ్టుకార్డులని భ్రమపడుదురు. అవి జీతములో భాగముగా యజమాని యిచ్చునవి, ఆహారమునకే చెల్లునవి. పూర్వము కాగితపు కూపనుల పుస్తకములుగా నుండి 2017 డిసెంబరు 31తో రిజర్వు బ్యాంకు ఆజ్ఞవలన కార్డులైనవి.

ఆటలకును, ఫోనులోని యాప్‌లకును చెల్లు కోడులది మఱొక జాతి. గూగుల్ ప్లే, యాపిల్ వంటి సంస్థల కోడులను పిల్లలకు కానుకలుగా నిచ్చువారు పెరుగుచున్నారు. వాటివలన లాభము, పిల్లవాని చేతికి క్రెడిటుకార్డు నీయక మితమైన మొత్తమునే యిచ్చుట. కాని ఈ కోడులును, బజారుల కోడులును మోసగాండ్రకు మిక్కిలి ప్రియమైనవి; ఏలయన సంఖ్య చెప్పినంతనే సొమ్ము చేతులు మారును, దానిని వెనుకకు రప్పించుట దుర్లభము. ఒక కళాశాల యధ్యాపకునికి వాట్సాప్‌లో ప్రిన్సిపాలు ఛాయాచిత్రముతో నొక సందేశము వచ్చును: “సమావేశములో ఉన్నాను, మాట్లాడలేను, అర్జంటుగా పదివేలవి నాలుగు కార్డులు కొని కోడులు పంపండి, సాయంత్రం ఇచ్చేస్తాను.” పెద్దలయెడ మనవారికిగల వినయమే ఈ మోసమునకు పెట్టుబడి. అధికారి యడుగగా ‘ఎందుకండీ’ యని తిరిగి ప్రశ్నించుట అవిధేయతయని జంకువాడు కోడులు పంపివేయును. ఏ ప్రభుత్వశాఖయు, ఏ పోలీసు అధికారియు, ఏ బ్యాంకును తనకు రావలసిన సొమ్మును గిఫ్టుకార్డు కోడులరూపమున అడుగదు. పంపివేసిన పిదప తెలిసినచో ఒక్కక్షణము సిగ్గుపడక సైబరుమోసముల ఫిర్యాదులకై యున్న 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆ కార్డును జారీచేసినవారికిని తెలుపవలెను. కోడింకను వాడబడకున్నచో దానిని నిలుపుటకు అవకాశముండును. ఇచ్చట ప్రతి నిమిషమును విలువైనదే. కార్డు కొన్న రశీదును పారవేయరాదనుటకును ఇదియే ప్రబలకారణము.

రిజర్వు బ్యాంకు అనుమతికి లోబడిన కార్డులకు గల రక్షణలు ఏవో ఇప్పుడు చెప్పినచో, మూసిన కార్డులలోని కొఱత మఱింత స్పష్టమగును. ఇట్టి సాధనమునకు సొమ్ము నింపిన నాటినుండి కనీసము ఒక సంవత్సరపు గడువుండవలెను. గడువు ముగియుటకు ముందటి 45 దినములలో జారీచేసినవారు ఎస్సెమ్మెస్ ద్వారానో ఈమెయిలు ద్వారానో హెచ్చరింపవలెను. గడువు ముగిసినను సొమ్ము వెంటనే వారిది కాదు. బ్యాంకేతర సంస్థలు మిగిలిన మొత్తమును గడువు తీరిన పిదప మూడేండ్లవఱకు తమ లాభములలో కలుపుకొనరాదు, ఎప్పుడైన హక్కుదారు వచ్చి యడిగినచో బ్యాంకుఖాతాకు చెల్లింపవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది, బ్యాంకేతర సంస్థ జనులనుండి పుచ్చుకొన్న సొమ్మును తన వ్యాపారమునకు వాడుకొనక, షెడ్యూల్డు వాణిజ్యబ్యాంకులోని ప్రత్యేకమైన ఎస్క్రో ఖాతాలో నుంచవలెను. అనగా ఇచ్చట మాటకు వెనుక సొమ్ము వేఱుగా కట్టిపెట్టబడి యున్నది; దుకాణపు మూసిన కార్డులో మాటకు వెనుకనున్నది దుకాణపు మంచితనమే. మంచి దుకాణములు అనేకము కలవు, గడువుదాటిన కార్డులను మన్నించి తిరిగి జీవము పోయువారు కలరు. కాని హక్కును మంచితనమునకు వదలిపెట్టుట ఏ వ్యవస్థకును తగదు. దుకాణముల మూసిన కార్డులకును కనీసపు గడువును, ముందస్తు హెచ్చరికను, గడువు పిదప సొమ్ము తిరిగిచ్చుటను చట్టము విధింపవలెనని నేను గట్టిగా కోరుచున్నాను. ఇది దుకాణముల కసాధ్యమైన భారము కాదు, ఇతరులు నేటికిని మోయుచున్నదే.

పన్నుల సంగతి సామాన్యుని కంతగా తాకదు గాని, చాలకాలము న్యాయస్థానములను వేధించినది. గిఫ్టుఓచరు సరుకా, సేవయా, ధనమా? సొడెక్సో అను సంస్థవారి భోజనపు ఓచరులు సరుకులు కావని సుప్రీముకోర్టు 2015లో తీర్పుచెప్పినది. జీఎస్టీ వచ్చిన పిదప ఓచరు అమ్మినప్పుడు పన్నా, వాడినప్పుడు పన్నా యను వివాదము తలయెత్తి, 2023లో కర్ణాటక, మద్రాసు హైకోర్టులవఱకు పోయినది. చివరకు 2024 డిసెంబరులో జైసల్మేరులో సమావేశమైన జీఎస్టీ మండలి సిఫారసు ననుసరించి, ఓచరు నమ్ముట సరుకు నమ్ముటయు కాదు, సేవ చేయుటయు కాదని ప్రభుత్వము స్పష్టీకరించినది. దీనినుండి కొనువాడు గ్రహింపవలసినది యిది: వేయి రూపాయల కార్డునకు వేయి రూపాయలే చెల్లింపవలెను, పన్ను దానితో కొన్న వస్తువుమీద, ఆ వస్తువునకు తగిన రేటున పడును. కార్డు విలువమీదనే పన్ను వేసినట్లు బిల్లు వచ్చినచో అడుగవలసినదే.

ఒక మాట మిగిలినది. 1,000 రూపాయల కార్డును 950కి అమ్ముట నేడు సర్వసాధారణము. తనయింటికే సరుకు కొనుటకు ఇట్టి కార్డు కొనువాడు బుద్ధిమంతుడే. వచ్చే వారము కొనబోవు బియ్యమునకు ఈ దినమే అయిదుశాతము తగ్గింపు పొందుచున్నాడు. కాని ముక్కు మొగము తెలియనివారు ఫోనులలో ‘సగము ధరకు’ అమ్మజూపెడి కోడులు తఱచు దొంగసొత్తు; లేదా ముందే వాడివేసినవి.

మొన్న మాఘమాసములో మా చెల్లెలి మనుమరాలి పెండ్లికి నేనును కార్డే యిచ్చితిని, బ్యాంకుది. పురోహితుడు చదువునప్పుడు తడబడకుండ కవరుమీద మొత్తమును వ్రాసితిని. దాని క్రింద జారీచేసిన బ్యాంకు పేరును, గడువు ముగియు తేదీని, నిలువ చూచుకొను ఫోను సంఖ్యను పెద్దయక్షరములతో వ్రాసి, కొన్న రశీదును లోపల మడచి పెట్టితిని. పుస్తకము వ్రాయుచున్న కుఱ్ఱవాడు తలయెత్తి, “తాతయ్యా, తేదీ కూడా రాయమంటారా?” అని యడిగెను. వ్రాయుమంటిని.